కింది వాటా తలుపుకు బయటివైపు గడియ

వృద్ధుల సంక్షేమ అధికారి గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: మా కింది వాటాలో ఉండే పెద్దావిడను ఆమె మేనల్లుడు బంధించి పస్తు పెడుతున్నాడన్న అనుమానం గురించి, అలాగే సదరు మేనల్లుణ్ణి ప్రస్తుతం నేను బంధించి ఉంచిన సంగతి గురించి.

మేడమీది వాటాలో ఉండే ముసలిదాన్నైన నేను మనవి చేసుకునేది ఏమనగా:

1. సదరు పెద్దావిడ దర్జీ కొట్లో బొత్తాలు కుట్టి బతికిన మనిషి. నేను బొత్తాల వదిన అంటాను. మా ఇద్దరి మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్లదు. నేను కూర పంపితే ఆవిడ ఏదో ఒకటి వేసి పంపేది. ఏమీ లేకపోతే ఒక బొత్తామైనా వేసేది. ఈమధ్య గిన్నె ఖాళీగా వచ్చింది. అదీ నాకి నాకి, తోమినట్టు మెరుస్తూ వచ్చింది.

2. ఆవిడ మణికట్టు మీద ఒకవైపు నాలుగు మచ్చలు, రెండోవైపు ఒకటి ఉన్నవి. ఏమిటని అడిగితే "తలుపు తగిలిందండీ" అని మేనల్లుడే జవాబు చెప్పెను. తలుపుకు బొటనవేలు ఉంటుందా అయ్యా?

3. ఆవిడ కళ్లజోడు రిపేరుకు ఇచ్చామన్నాడు. కొత్త కళ్లు తయారుచేస్తున్నా ఈపాటికి వచ్చేసేవి. తలుపుకు బయటివైపు కొత్త గడియ బిగించాడు. గాజులు చూస్తే మోచేతి దాకా జారిపోతున్నవి.

నేను ఉత్త అనుమానప్పక్షిని. పొయ్యి ఆర్పానో లేదోనని సగం మెట్లు దిగి మళ్లీ ఎక్కేదాన్ని. అందుకని మొదట నన్ను నేనే నమ్మలేదు. కానీ అనుమానం చెప్పడం నా వంతు, తేల్చడం తమరి వంతు అని ఎదురింటి నర్సమ్మ ధైర్యం చెప్పింది.

4. లోగడ నేను నోటితో చెప్పుకుంటే తమరి గుమాస్తా గారు వచ్చారు. మేనల్లుడు పక్కనే నిలబడి ఉండగా "ఏమ్మా, బాగున్నారా?" అన్నారు. "బాగున్నాను బాబూ" అంది. ఆయన వెళ్లిపోయారు. పులి పక్కన నిలబెట్టి మేకను క్షేమం అడిగితే ఏం చెబుతుందయ్యా?

5. ఇక నేటి సంగతి. రేపు ఆవిణ్ణి ఎవరికీ తెలియని ఊరికి తీసుకుపోతానన్నాడు. పొద్దున్నే కిందికి దిగాను. అతగాడు పాట పాడుకుంటూ స్నానం చేస్తున్నాడు. వదిన గుమ్మంలోనే ఉంది. "పద" అన్నాను. "ఎక్కడికే?" అంది. "పైకి. నోరు ముయ్యి" అన్నాను. గడియ నేను పెట్టలేదు అయ్యా, నా చెయ్యి పెట్టింది. మోకాళ్ల నొప్పుల దొంగలం ఇద్దరం మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, నవ్వు ఆపుకోలేక ఒకరి నోరు ఒకరం మూసుకుంటూ పైకి చేరాము.

సదరు మేనల్లుడు తువ్వాలు చుట్టుకుని కిటికీలోంచి అరుచుచున్నాడు.

"మామ్మగారూ! గడియ తియ్యండి! ఆఫీసుకు టైమైపోతోంది!"

"బిగుసుకుపోయింది నాయనా! గట్టిదే బిగించావు!"

"మీకేమైనా మతి పోయిందా?"

"ఉన్నదే కాస్త, అదీ పోతే ఎట్లా!"

లోపల నీళ్లున్నవి, ఫ్యాను ఉన్నది. అయినా ఆకలేస్తుందేమోనని బెంగపడి, మళ్లీ దిగి ఊచల సందుల్లోంచి రెండు అరటిపళ్లు ఇచ్చాను. తిడుతూనే తిన్నాడు.

కావున తమరు ఈ రోజే వచ్చి, వదినను ఒంటరిగా కూర్చోబెట్టి అడగవలెను. నన్ను కూడా బయటికి పంపేయండి. నేనుంటే మధ్యలో నేనే జవాబులు చెప్పేస్తాను. నేను చేసింది నేరమైతే ఆ తర్వాత పట్టుకుపోండి. బీపీ మాత్రలు సంచిలో పెట్టుకునే ఉన్నాను.

ముసలిదాని గోడు కోపగించుకోక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మేడమీది మామ్మ

తా.క.: నర్సమ్మ చేతికి ఇచ్చేముందు ఇదంతా వదినకు చదివి వినిపించాను. అన్నం తింటూ విన్నది. చెయ్యి కడుక్కుని, "అన్నీ నువ్వు చూసినవే రాశావు. చూడనివి చాలా ఉన్నాయి" అంది.

"చెప్పు, రాసుకుంటాను" అని కలం తీశాను.

"నీకా? నీకు చెబితే ఇక జన్మలో నిద్రపోవు. ఆ ఆఫీసరునే రమ్మను. ఆయనకు చెబుతాను."

చెబుతానన్నది అయ్యా. తన నోటితో అన్నది. కుర్చీ తుడిచి వేశాను. త్వరగా రండి.