అమ్మ చారల పువ్వు

ఏప్రిల్ 26

మండువా గోడలకి సున్నం వేయడం అయింది. నడుము పడిపోయింది. నిచ్చెన పట్టుకోవాల్సిన మా ఆయన దామియాన్ రేడియోలో ఫుట్‌బాల్ విన్నాడు.

మా కోర్దోబా ఊళ్లో గోడ నిండా వేలాడే జెరేనియం పూలు లేని ఇల్లు ఎక్కడుంది? ఎర్రవి, గులాబీవి, ఎటు చూసినా అవే. మా అమ్మ పువ్వు మాత్రం ఒక్క మా ఇంట్లోనే. తెల్ల రేకు, మీద వైన్ రంగు చార. పై వరసలో మూడు కుండీలు. దీన్ని గడప దాటనివ్వకు బ్రిహిదా, ఎవరికీ కొమ్మ ఇవ్వకు అని పోయేముందు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇవ్వలేదు. ఎదురింటి అరసేలీ ఏటా అడుగుతుంది. ఏటా ఎర్రదాని కొమ్మ చేతిలో పెట్టి పంపిస్తాను. దానికి సిగ్గు లేదు, నాకు మొహమాటం లేదు.

మే 5, మధ్యాహ్నం

ఏటా జరిగే పూల మండువాల పోటీకి జడ్జిలు వచ్చారు. అమ్మ పువ్వు కింద నిలబడ్డారు. ఆహా, ఇది ఎదురింట్లో కూడా చూశామండీ అన్నారు.

ఎదురింట్లో!

మే 5, సాయంత్రం

వెళ్లాను. నిజమే. బావి పక్కన, నడుం దాకా వేలాడుతూ, నాదానికంటే గుబురుగా. అరసేలీ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. రా బ్రిహిదా, ఎంత ముద్దొస్తోందో చూడు, మీ ఆయన చేతి చలవే అంది.

మా ఆయన చేతి చలవ!

మే 6

ఒప్పుకున్నాడు. నిరుడు అరసేలీకి మోకాలి ఆపరేషన్ అయితే ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లాడట. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తానే, తడి పేపర్లో చుట్టి ఒక్క కొమ్మ పట్టుకెళ్లా, దానికే ప్రాణం పోయినట్టు అరుస్తావేం అన్నాడు. ఊళ్లో కేకులు లేవా? బిస్కెట్లు లేవా? చచ్చిపోతూ మా అమ్మ చెప్పిన మాటే దొరికిందా పొట్లం కట్టడానికి?

మే 18

ప్రైజు అరసేలీకి. ఇంకేం రాయను.

జూన్ 2

దామియాన్‌తో మాటల్లేవు. పైన గుడ్డూ హామ్ మాంసం ముక్కా లేని చల్లటి టమాటా సూపు, ఉత్త సల్మోరెహో, గిన్నెలో పోసి ముందు పడేశాను. గిన్నె ఖాళీ చేశాడు. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు, దొంగ.

ఆగస్టు 27

పై వరస వాడిపోతోంది. ఎండలే అనుకుని రోజుకి రెండుసార్లు నీళ్లు పోశాను. పొడుగు కర్రకి కట్టిన రేకుడబ్బాతో అంత ఎత్తుకి పోయాలంటే భుజాలు ఊడొస్తున్నాయి. అయినా కాడలు నల్లబడుతున్నాయి.

సెప్టెంబర్ 9

ఎండ కాదు. కాడ చీల్చి చూశాను. లోపల పచ్చ పురుగు, కాడంతా డొల్ల. బుల్లి గోధుమరంగు సీతాకోకచిలుకలు పెట్టిన గుడ్లలోంచి వచ్చిందే ఇది. నెల రోజులుగా అవి మండువాలో ఎగురుతుంటే చూసి మురిసిపోయాను, నా మొహం మండ!

మూడు కుండీలూ పోయాయి. నాటడానికి పనికొచ్చే కొమ్మ ఒక్కటీ లేదు. గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మని మళ్లీ సాగనంపినట్టుంది.

అరసేలీ దగ్గరుందిగా, వెళ్లి అడగవే అన్నాడు దామియాన్. నేనా? అడగడమా? చచ్చినా అడగను. పోనీ నేను అడుగుతా అన్నాడు. నువ్వు ఆ గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతా అన్నాను. మూడు నెలల తర్వాత మా మధ్య నడిచిన మొదటి మాటలు ఇవే.

సెప్టెంబర్ 15

పొద్దున అరసేలీ గేటు మీద ఒక గోధుమరంగు సీతాకోకచిలుక వాలింది. అక్కడ కూడా పోతే అమ్మ పువ్వు ఇంకెక్కడా ఉండదు. మందు స్ప్రేయర్ పట్టుకుని వీధి దాటేశాను. చెప్పులైనా వేసుకోలేదు.

ప్రైజు కొట్టగానే సరా, కాడలు చూసుకోనక్కర్లేదా అని గుమ్మంలోంచే కేకలేశాను. కుర్చీ ఎక్కి ఆకు ఆకూ తిరగేశాను. రెండు చిగుళ్లలో గుడ్లున్నాయి. తుంచి, నీ చెప్పుతో నలిపెయ్యి అని అరసేలీ ముందు పడేశాను. మందు కొట్టాను. పని అయిపోయినా కుర్చీ దిగబుద్ధి కాలేదు. ఒక్క కొమ్మ ఇవ్వమని అడగలేక, చూసిన ఆకులే మళ్లీ తిరగేశాను.

అరసేలీ కర్ర ఊతంతో లేచింది. అడక్కు బ్రిహిదా, అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు, దొంగిలించిందే వేరు పడుతుంది, నేను లోపల కాఫీ పెడతాను, కత్తెర ఆ బావి గట్టు మీదుంది అంది.

నాలుగు కొమ్మలు కత్తిరించి ఏప్రన్ కింద దాచుకున్నాను.

కాఫీ ఇస్తూ అంది, మా అమ్మ కూడా అప్పుడిలాగే కాఫీ పెట్టడానికి లోపలికెళ్లిందిలే, మీ అమ్మ మా చారల పువ్వు కొమ్మ కోసం వచ్చినప్పుడు అని. మరుసటేడు మా మొక్క చలికి పోయింది, మా అమ్మ మీ గుమ్మంలోకొచ్చి ఒక్క కొమ్మ అడిగితే మీ అమ్మ ఎర్రదాని కొమ్మ ఇచ్చి పంపింది అని.

అబద్ధం అని అరుద్దామనుకున్నాను. కాఫీ తాగి వచ్చేశాను.

అక్టోబర్ 11

నాలుగూ చిగురించాయి.

అమ్మ ఫోటో గోడవైపు తిప్పేశాను.