హెడ్‌ఫోన్‌కి వేసిన వైరు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయింది కదా, మళ్ళీ భజనకి వెళ్దామని భజనలో మీరు మైకులు నడిపిన మిక్సర్‌ని ఒకసారి చూడమని మీ తమ్ముడికి ఇచ్చాను. విప్పి చూసి నవ్వాడు.

"అన్నయ్య ఘటికుడే వదినా! లోపల వేరే లైను వేసుకున్నాడు. హెడ్‌ఫోన్‌లోకి నీ మైకు ఒక్కటే వెళ్తుంది. తీసేయనా?"

"ఉండనీ నాయనా" అన్నాను.

ఎలా పాడానని అడిగినప్పుడల్లా "ఇంతమంది గోలలో నీ గొంతేం తెలుస్తుందే" అనేవారు మీరు.

ఈ సాయంత్రం ఘంటసాల ఊరి గుడిలో మిక్సర్ దగ్గర మీ కుర్చీ వేయించి, హెడ్‌ఫోన్ అందులో పెట్టి పాడాను. మీ తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. హెడ్‌ఫోన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. హారతయ్యాక సర్దుదామని చేతిలోకి తీసుకుంటే, ఇప్పుడే చెవుల మీంచి దించినట్టు వెచ్చగా ఉంది.