డాబా మీద శనిగ్రహం

పప్పుచారు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. నేను పెదపారుపూడి వెళ్తున్నాను. అమ్మని డాక్టరుకి చూపించి ఆదివారం వచ్చేస్తాను.

సాయంత్రం టెలిస్కోపు పెట్టేముందు, రొయ్యల చెరువు మీద లైటు కాసేపు ఆపమని రత్తయ్య మావయ్యగారికి ఫోన్ చేయండి. ఆ వెలుగుకి పైన ఏమీ తెలియడం లేదు.

నిన్న పిల్లలు శనిగ్రహం చూడలేదండీ. హాసిని ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతుంది. మీరు "ఉంగరం కనిపించిందా, కనిపించిందా" అని అంత ఆశగా అడుగుతుంటే, రెండు కళ్ళూ మూసుకునే "భలే ఉంది నాన్నా" అంది. బాబీ కూడా, అక్క ఏమంటే అదే అన్నాడు. పడుకునేటప్పుడు హాసిని నాతో చెప్పింది, "నాన్న ఫీలవుతారని అలా అన్నానమ్మా" అని.

ఈ సంగతి దాన్ని అడగొద్దు. దాని ఎడమ కన్ను మీ చేత్తో మూయండి, చాలు. బాబీని ఎత్తుకోకండి, గొట్టం కదిలిపోతుంది. స్టూలు వేయండి. ఏం కనిపించిందో వాళ్ళనే చెప్పనివ్వండి.

నేను వచ్చేదాకా టెలిస్కోపుని అట్టపెట్టెలో సర్దేయకండి. నిన్న స్టూలు, దోమల కాయిల్, టార్చిలైటు అన్నీ పైకి మోసింది నేనే. నువ్వూ చూస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు.