పొగ తాగేవాళ్ల విరామం

అక్కా,

సోమవారం పొద్దున్నుంచి నేను సిగరెట్ ముట్టలేదు. ఊపిరితిత్తిలో గడ్డ తీయాలంటే పొగ పూర్తిగా మానాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పారు. ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

మా ప్రెస్సులో సిగరెట్ తాగేవాళ్లకే పని మధ్యలో బయటికి వెళ్లే వీలుంది. మానేసరికి నాకు ఆ కాస్త విరామమూ పోయింది. నిన్న ధ్యాసంతా సిగరెట్ మీదే ఉండి, కాగితం వంకరగా పెట్టి కట్టంతా పాడుచేశాను. మేస్త్రీ మెషిన్ ఆపి, "ఏరా, సిగరెట్ మానావా, ఊపిరే మానావా? పద బయటికి!" అన్నాడు. అందరూ తాగే చోటికి కాకుండా గోడ అవతలికి తీసుకెళ్లి, పక్కనే నిలబడ్డాడు. తన జేబులో సిగరెట్ పెట్టె ఉన్నా తీయలేదు. ఇకపై రోజూ ఆ వేళకు నాతో అక్కడికి వస్తానన్నాడు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? బావకు ఒక మాట చెప్పు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు "ఒక్కటే కదరా" అనొద్దు. ఆయన నా చేతిలో పెడితే నేను కాదనలేను. అమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

శుక్రవారం పొద్దున ఊపిరి పరీక్ష చేసి, ఆపరేషన్ ఎప్పుడో చెబుతారు. మేస్త్రీ సెలవు పెట్టి నాతో వస్తున్నాడు.

నీ తమ్ముడు