పెక్ గారి కాఫీలో పడ్డ బిళ్ళ

అమ్మమ్మకు,

మనీలా పోకర్ పోటీ టీవీలో చూస్తూ, చివర్లో నేనెందుకు నాలుక కరుచుకున్నానని అడిగించావట. తప్పు నీదే.

మనీలా అవతల మన ఊళ్ళో ఎవరైనా పోతే, శవం దగ్గర జాగారం చేస్తూ ఆడే పేకాటలోనే కదా నాకు ముక్కలు పట్టడం నేర్పావు. గెలిచినప్పుడల్లా చావు ఖర్చులకని ఆ ఇంటివాళ్ళ వంతు బల్ల చివరనున్న కప్పులో వేయించేదానివి. ఇక్కడ ఆఖరికి మిగిలింది నేనూ, కొరియా నుంచి వచ్చిన పెక్ గారూ. పెద్ద పందెం నాకు రాగానే, చెయ్యి ఊరుకోక ఒక పందెం బిళ్ళ తీసి బల్ల చివరి కప్పులో వేసింది. అది పెక్ గారి కాఫీ.

ముక్కలు పంచే రొవేనా మనవైపు పిల్లే, ఆ కప్పు సంగతి తెలుసు. "అదెవరి వంతక్కా?" అంది, నవ్వాపుకుంటూ. ఇక ఆయనకు మన ఆచారం చెప్పక తప్పలేదు.

"మరి ఇక్కడ చచ్చిందెవరు?" అన్నాడాయన.

"ఇంకా ఎవరూ లేరండి, ఆడండి" అన్నాను.

కాసేపటికి ఆయన ఓడిపోయాడు. లేచి, ఖాళీ కప్పు నా ముందు పెట్టి, "ఇప్పుడివ్వండి మా వంతు" అన్నాడు.

నీ పెంపకం కదా, కాదనలేకపోయాను. భోజనానికి తీసుకెళ్ళాను. చచ్చినవాడు మన సినిగాంగ్ చింతపండు పులుసు మారు వేయించుకున్నాడమ్మమ్మా.

నీ మనవరాలు