నీ అంగీ దులిపిన అయస్కాంతం

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గ్రైండింగ్ పని నుంచి నువ్వు రాగానే నీ అంగీకి పట్టిన ఇనుప రజను దేనితో తీసేదాన్నో, ఆ అయస్కాంతం ఇవాళ మన బిడ్డ డాబా మీదికి పట్టుకెళ్లింది. ఆకాశం నుంచి రాలిన దుమ్ము ఏరాలట. భూమ్మీద ప్రాణం పుట్టడానికి కావలసిన సరుకు అలాంటి దుమ్ములోనే వచ్చి ఉండొచ్చని బడిలో సారు చెప్పాడట.

అయస్కాంతానికి నల్లటి రజను గుత్తులుగా అంటుకుంది.

"గిది సుక్కలదా, కంపెనీలదా బిడ్డా?" అన్నాను.

"మైక్రోస్కోపుల సూస్తే ఎరుకైతదంటమ్మా."

నాకు నీ జబ్బు రోజులు గుర్తొచ్చాయి. నీ ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందన్న కంపెనీ డాక్టరును, ఎక్కడి దుమ్మని అడిగితే, "ఇన్ని కంపెనీలున్న పాశమైలారంల దుమ్ము లేనిదెక్కడమ్మా? ఎక్కడిదని చెప్పాలె?" అన్నాడు.

చుక్కల దుమ్ముకు ఊరూ పేరూ ఉన్నాయి బావా. నిన్ను చంపినదానికే లేవు.