పనిలో చేరనివి

శ్రీవారికి నమస్కరించి రాస్తున్నాను. నేనూ పిల్లలూ కులాసా. ఇల్లు మాత్రం ఇంకా రోడ్డుకి కిందే ఉంది. మొన్నటి వానకి నీళ్ళు మళ్ళీ గడప దాటి మంచం కోళ్ళ దాకా వచ్చాయి. మీరు మోకాలికి కాపడం పెడుతున్నారా?

ఇల్లు జాకీల మీద ఎలా లేస్తుందని అడిగారు. నాకూ అదే వింత. పునాది కొంచెం కొంచెంగా తొలిచి, గోడల కింద వరసగా జాకీలు పెడతారట. మేస్త్రి ఈల వెయ్యగానే అందరూ ఒక్కసారే తిప్పాలట.

"పొయ్యి మీద పాలగిన్నె ఉన్నా తొణకదమ్మా" అన్నాడు మేస్త్రి.

"మరి పని జరిగేటప్పుడు ఇంట్లో ఎవరూ ఉండకూడదని ఒప్పంద కాగితంలో రాశావేం?"

"అది పాలకి కాదు, మనుషులకి" అని నవ్వాడు.

గోడలు పగిలితే బాధ్యత ఎవరిదని కూడా అడిగారు. అందుకే ఉన్న నెర్రెలన్నిటి పక్కనా ఇద్దరం కలిసి సుద్దతో గీతలు గీశాం. గీత ఉన్నది మనది, లేనిది అతనిది. ఇన్నేళ్ళు ఊడ్చిన ఇంట్లో ఇన్ని నెర్రెలున్నాయని నాకే తెలీదు. బీరువా వెనక ఒకదాంట్లో నా వేలు పట్టింది.

హాలు మధ్య గోడ దగ్గర మేస్త్రి ఆగిపోయాడు. మీరూ మీ తమ్ముడూ వేరు పడినప్పుడు మీరు కట్టించిన గోడే. అడుగున గునపంతో పొడిచి చూశాడు.

"దీనికి పునాది లేదమ్మా. గచ్చు మీదే లేపేశారు. కోపంలో కట్టినట్టున్నారు."

"కోపం నీకెలా కనపడింది?"

"కొలతలకి అటు కూడా వెళ్ళాను కదా. పూత ఇటే ఉంది, అటు ఉత్త ఇటుకలు."

ఆ గోడ జాకీకి ఆనదట, తీసెయ్యాలట. సగం ఇల్లు లేపడమూ కుదరదు కాబట్టి రెండు వాటాల వాళ్ళూ సంతకం పెట్టాలన్నాడు.

మేస్త్రిని వెంటబెట్టుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి అటు గుమ్మం తట్టాను. తోడికోడలు తలుపు తీసింది.

"ఏంటక్కా, దారి తప్పావా?"

నీళ్ళ భయానికి వాళ్ళ మంచాలూ ఇటుకల మీదే ఉన్నాయి. మీ తమ్ముడు కాగితం రెండుసార్లు చదివాడు. మేస్త్రి ఏం చేస్తాడు, మనం ఏం చేసిపెట్టాలి, ఎప్పటికి పూర్తవుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. చివర 'పనిలో చేరనివి' అని రాసి ఉంది: రంగులు, కిటికీ అద్దాలు, పెరటి మెట్లు.

"గోడ మళ్ళీ కట్టడం ఎందులో రాయమంటారు?" అన్నాడు మేస్త్రి.

మీ తమ్ముడే, "చేరనివాటిలో రాయి" అన్నాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"వదినా, గోడ తియ్యడానికి అన్నయ్య ఒప్పుకున్నాడా?"

ఇంతసేపూ నేను దాటేస్తున్నది ఇదే. ఒప్పుకున్నారని చెప్పాను. మిమ్మల్ని అడిగి జవాబు వచ్చేలోపు మరో వాన పడేదని రాయొచ్చు, కానీ అది సాకు. అడిగితే వద్దంటారని భయపడ్డాను.

గోడ నిన్న తీశారు. హాల్లోకి ఇప్పుడు సాయంత్రం దాకా వెలుగు వస్తోంది. అటువైపు కిటికీ ఉందన్న సంగతే మరిచిపోయాను. తోడికోడలూ నేనూ సామానంతా పెరట్లో ఒకే టార్పాలిన్ పట్టా కింద పెట్టాం. ఏ చెంబు ఎవరిదో తరవాత చూసుకోవాలి.

సోమవారం జాకీలు పెడతారు. మీరు వచ్చేసరికి గుమ్మం మూడడుగుల ఎత్తున ఉంటుంది, చూసి అడుగు వేయండి. ఈలోపు ఒప్పుకున్నానని మీ తమ్ముడికి ఒక్క ముక్క రాయండి. తిట్లేమన్నా ఉంటే నాకు వేరే ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
మీ ఇల్లాలు